ఒంటె నెమరు వేసిన బండి

పెద్దులు ఉస్తాదుకు నమస్కారాలు.

మీరు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీకు చెప్పకుండా ఒమాన్ రావడం నా తప్పే.

ఇక్కడ ఇబ్రా అనే ఊళ్లో పికప్ బండ్లను ఎత్తు పెంచి సింగారించే షెడ్డులో పనిచేస్తున్నాను. మొన్న హమూద్ అనే ఒమానీ ఆయన తెల్ల బండికి నల్ల రిమ్ములు, నడుము దాకా వచ్చే టైర్లు వేసి, జానెడు ఎత్తు లేపాం. బండి పెళ్లికొడుకులా నిలబడింది. కానీ ఆయన పందెం ఒంటె వెనక తొట్టిలోనే ప్రయాణిస్తుంది. కొత్త కుదుపులకు అది కూర్చోలేక ఒకటే అరుపు. ఎత్తు దించేద్దామని ఫోర్‌మన్ అంటే హమూద్ ముఖం చిన్నబోయింది.

"ఎత్తుకు బెదరకురా, పట్టీ బిర్రుగుంటేనే బండి ఎగిరేస్తది" అని మీరు లారీల కింద పడుకుని చెప్పేవారు. ఎత్తు అలాగే ఉంచి, గట్టి కమాను పట్టీలు తీసి పలచటివి వేశాను. మీలాగే బానెట్ మీద నిండు చాయ్ గ్లాసు పెట్టి, షెడ్డు చుట్టూ మెల్లగా తిప్పాను. రెండు చుక్కలే ఒలికాయి.

తర్వాత రాళ్లదారిలో ఒంటె పక్కనే కూర్చుని వెళ్లాను. కొంతదూరం పోయాక అది కుదుటపడి నెమరు వేయడం మొదలుపెట్టింది. హమూద్ బండి ఆపి దిగొచ్చి, దాని దవడలనే చూస్తూ నిలబడ్డాడు.

"తుమారా ఉస్తాద్ కౌన్?" అన్నాడు, నాకు పని నేర్పిందెవరని.

మీ పేరు చెప్పాను. తెలుగులో రాసిమ్మని, తొట్టి వెనక తలుపు డాలా మీద ఎర్ర అక్షరాలతో వేయించుకున్నాడు. ఫోటో పంపుతున్నాను.

మన షెడ్డు బోర్డు మీద మీ పేరు కింద నా పేరు తుడిపించారని విన్నాను. ఈ బండి మీద కూడా మీ పేరు కిందే నా పేరు వేయిస్తానన్నాడు హమూద్. మీరు ఒకసారి ఫోన్ ఎత్తేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచమన్నాను.

మీ చేతి కింద పాన పట్టినవాడు