మేనేజర్ అంటే ఎవరు

2 ఆగస్టు 1966, మంగళవారం

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచింది. పేపర్లో ఇవాళ పూర్తి రిపోర్టు వచ్చింది. స్టేషన్ దగ్గరి హోటల్లో సాయంత్రమంతా ఒకటే పంచాయితీ. ఫుట్‌బాల్ జట్లను నడిపించినవాళ్లలో అందరికన్నా గొప్పవాడు ఎవరని. మా క్లబ్ ప్రెసిడెంట్ దేవిదాస్ వకీలు, ఇంగ్లండ్‌ను గెలిపించిన రామ్సే అన్నాడు. నేను మన ఇండియా జట్టును నడిపిన హైదరాబాద్ రహీం సాబ్ అన్నాను. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ మెడల్, ఇంకేం కావాలి? గెల్సింది దునియా కప్పు మాస్టర్, జకార్తా గిండ్ల లెక్కకు రాదు అన్నాడు వకీలు. ఆయన పుట్టి బుద్ధెరిగి బంతిని కాలితో తాకలేదు.

రహీం సాబ్ కూడా స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషే. పోయి మూడేళ్లయింది. నేను డ్రిల్ మాస్టర్ని. ఆయన్ని ఎవరైనా తక్కువ చేస్తే నన్ను తిట్టినట్టు ఉంటుంది. బయట చెప్పుకుంటే నవ్వుతారు, ఇక్కడ రాసుకుంటున్నాను.

బాపురావు కూడా ఉన్నాడు. గంజ్‌లో బెల్లం దుకాణం ఆయనది, మా క్లబ్‌కు మేనేజర్. మేనేజర్ అంటే మ్యాచ్‌లకు లారీ మాట్లాడడం, హాఫ్‌టైంలో నిమ్మకాయ ముక్కలు పంచడం, ఆడేవాళ్ల వాచీలూ చొక్కాలూ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. రామ్సే, రహీం సాబ్ ఇద్దరూ ఆయనకు సమానంగా తెలియరు. బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ మా ఇద్దరికీ తలూపాడు.

4 ఆగస్టు

కమిటీ మీటింగ్. పదిహేనున షీల్డ్ ఫైనల్, బోధన్ జట్టుతో. ఆట నేర్పేది నేను, పదకొండు మందిని ఎంచేది కమిటీ. ఒకరి అల్లుడు, ఇంకొకరి బావమరిది, మిగిలిన సీట్లు ఆటొచ్చినవాళ్లకు. ఇవాళ ఊరుకోలేదు. పేపర్ పట్టుకుపోయి చదివి వినిపించాను. ఇంగ్లండ్‌లో కూడా ఇదివరకు కమిటీయే ఎంచేది. ఎంపిక మేనేజర్ ఒక్కడిదే, ఇంకెవరూ వేలు పెట్టొద్దు అని రామ్సే షరతు పెట్టాడు. అందుకే గెలిచారు, మీరూ అట్లాగే చేయండి అన్నాను. బల్ల గుద్ది చెప్పాను.

అందరూ ఒప్పుకున్నారు. ఒక్క నోరు అడ్డం లేవలేదు. ఇన్నేళ్లలో నా మాటకు ఇంత విలువ ఎన్నడూ రాలేదు. ఇంటికొచ్చి రేణుకమ్మతో గారెలు చేయించుకుని తిన్నాను. మా ఆవిడ చేతి గారెలు ఇంత రుచిగా ఉంటాయని ఇవాళే తెలిసింది.

5 ఆగస్టు

క్లబ్ బోర్డు మీద నోటీసు: జట్టు ఎంపికలో సర్వాధికారం మేనేజర్ బాపురావుగారిది.

6 ఆగస్టు

పొద్దున్నే వకీలు ఇంటికి పోయాను. ఇదేం అన్యాయం అన్నాను. అన్యాయమేంది మాస్టర్, మేనేజర్ ఒక్కడే అని మీరే చదివిండ్రు గద అన్నాడు. ఇంగ్లండ్‌లో మేనేజర్ అంటే ఆట నేర్పేవాడు సార్, మన దగ్గర నేను అన్నాను. గట్లని ఏడ రాసున్నదో చూపియ్యమన్నాడు. పేపర్ ముందు పెట్టాడు. కోచ్ అనే మాట వెతికాను, లేదు. మేనేజర్ అని మాత్రం నిండా ఉంది. ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అట్లా అర్థం చేసుకున్నాడు. వెక్కిరించినా బాగుండేది, తిట్టి వచ్చేవాణ్ణి.

సాయంత్రం బాపురావు మా ఇంటికి వచ్చాడు. నాకేం ఎరుక సార్, లారీ మాట్లాడుమంటే మాట్లాడుత, గీ బరువు నా నెత్తిన వెట్టిండ్రు అన్నాడు. వద్దని మాత్రం ఎక్కడా అనలేదు. మిగిలిన గారెలు రేణుకమ్మ ఆయనకు పెట్టింది. అన్నీ తిన్నాడు.

ఆయన పోయాక రేణుకమ్మ అన్నది, మేనేజర్ అని చదివే బదులు లింబాద్రి అని చదవకపోయిండ్రా అని. పెళ్లయినప్పటి నుంచి నా పేరు ఆమె నోటెంట రాలేదు. వచ్చింది ఇట్లాంటి రోజున.

9 ఆగస్టు

బాపురావు గొడుగు పట్టుకుని గ్రౌండుకు వచ్చాడు. మొదట పిలిచిన పేరు పోశన్న. పసుపు మార్కెట్‌లో హమాలీ, ఏనుగంత బలం. బంతి దొరికితే ఆకాశానికి తంతాడు, పక్కవాడికి ఇవ్వడం చచ్చినా రాదు. జూన్‌లో నేనే తీసేశాను. ఎందుకు తీసుకున్నావని బాపురావుని అడిగాను. వాడు తంతుంటె సూడబుద్ధయితది సార్ అన్నాడు. ఇదీ సర్వాధికారం.

11 ఆగస్టు

గ్రౌండుకు పోలేదు. జ్వరమని చెప్పి పంపాను. జ్వరం లేదు.

14 ఆగస్టు, మధ్యాహ్నం

ముసురు పట్టింది. రేపు మావాళ్లు ఓడిపోవాలి. రాసి చూసుకుంటే సిగ్గుగానే ఉంది, కొట్టేయను. ఓడిపోతే ఎవరు మేనేజరో, ఎవరు గురువో ఊరికి తెలుస్తుంది. గెలిస్తే నేనెందుకు?

15 ఆగస్టు

గ్రౌండంతా నల్ల బురద. నేను జనంలో వెనక కూర్చున్నాను. మావాళ్లు నేను నేర్పినట్టే చిన్న చిన్న పాస్‌లు ఇచ్చుకున్నారు, ప్రతి పాస్ నీళ్లలో ఆగిపోయింది. బోధన్ వాళ్లదీ అదే అవస్థ. ఆట ఆఖర్లో పోశన్న సగం గ్రౌండు నుంచి తన్నాడు. బంతి నేలను తాకితే కదా ఆగడానికి! వాళ్ల గోల్‌కీపర్ దాన్ని చూస్తూ చూస్తూ జారి పడ్డాడు. గోల్.

నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. తెలిశాక కూర్చున్నాను, నా మీద నాకే మంట పుట్టింది. బురదలో ఎత్తి తన్నాలని నాకు తోచలేదు. బాపురావుకూ తోచలేదు, ఆయనకు చూడబుద్ధయింది, అంతే. పిల్లలు ఆయన్ని గొడుగుతో సహా భుజాల మీదికి ఎత్తుకున్నారు.

పోశన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. జరం తగ్గిందా సార్, పైలంగ ఉండుండ్రి అన్నాడు.

17 ఆగస్టు

హోటల్లో మళ్లీ అదే పంచాయితీ. రామ్సేనా, రహీం సాబా? మాస్టరే చెప్పాలన్నారు. బాపురావు అన్నాను. కడుపుమంటతో, వెక్కిరించడానికే అన్నాను. ఎవరూ నవ్వలేదు. బాపురావు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు. మాస్టర్ తీర్పు ఇచ్చిండు, ఇగ పంచాయితీ ఖతం అని వకీలు అందరికీ చాయ్ చెప్పాడు.