సాంచాలు ఆగిన ఇల్లు

శుక్రవారం, తంగళ్ళపల్లి

నానోసైన్స్ ఎమ్మెస్సీకి విదేశీ యూనివర్సిటీ అడిగిన మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష, సార్ల సిఫారసులు ఎప్పుడో పంపేశాను. మిగిలిన ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇవాళ అయింది. నాకు అడ్డం రాకూడదని బాపు ముందు గదిలో సాంచాలన్నీ ఆపేశాడు. పుట్టినప్పటి నుంచి ఆ మరమగ్గాల చప్పుడులోనే పెరిగాను, చదివాను. మొదటి ప్రశ్నకే నోరు పెగల్లేదు. ఒక్క నిమిషం అడిగి లేచి వెళ్లాను.

"బాపూ, సాంచాలు నడిపియ్యి. సప్పుడు లేకుంటే నాకు మాటనే అస్తలేదు."

"ముందుగాల్నే చెప్పరాదు బిడ్డా" అని స్విచ్ వేశాడు.

ఇక తడుముకోలేదు. చివర్లో ఒక మేడమ్, తమ మైక్రోస్కోపు గదిలో చిన్న అదురు కూడా ఉండకూడదని, అంత నిశ్శబ్దంలో పనిచేయగలవా అని అడిగింది. చేస్తానన్నాను, వెంటనే. సీటు వస్తుంది, నాకు తెలుసు. కానీ నిశ్శబ్దంలో చేస్తానన్న ఆ మాట...

అన్నం తింటూ బాపుకు చెప్పాను.

"గట్లయితే ఆడ మెల్లగ నడువు. నువ్వు నడిస్తే ఇల్లే అదురుతది" అన్నాడు.

సాంచాలు ఆగి చాలాసేపయింది. ఈ పేజీ మొత్తం నిశ్శబ్దంలోనే రాశాను. రాయడమైతే వచ్చింది. ఇదే నిశ్శబ్దంలో మాట్లాడటం వస్తుందో లేదో రేపు చూడాలి.