ఆటో మైకులో నా మాట

కామారెడ్డి

బాపూ, నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు.

రైస్ మిల్లు చప్పుడుకు నీ వినికిడి పోయాక ఫోనులో చెప్పినా నీకు అందదు కదా, అందుకే ఈ కార్డు. ఫ్లెక్సీల షాపులో ప్రకటనలకు మాటలు రాయడం నా పని. రాజమణి గారి కర్రీ పాయింటుకు "రుచికి మారుపేరు" అని రాసిస్తే మా సతీశ్ సార్ కాగితం పక్కన పడేశాడు. "గిట్ల అందరు రాస్తరు. ఒక్క మనిషిని ముందర కూసోబెట్టుకొని రాయి" అన్నాడు. నాకు నువ్వే ఎదురుగా కనిపించావు. "బాపూ, తిన్నవా? వండే ఓపిక లేకుంటే మా కాడికి రా" అని రాశాను. నేనొచ్చి నాలుగు నెలలైంది, ఇక్కడ నన్ను తిన్నవా అని అడిగినవాళ్లు లేరు. దాన్ని నా గొంతుతోనే రికార్డు చేసి ఆటో మైకులో తిప్పుతున్నారు. మధ్యాహ్నానికే కూరలు అయిపోతున్నాయట. గదిలో ఒక్కదాన్నే అన్నం పెట్టుకుంటుంటే నా గొంతు కిటికీ కింద నుంచి వెళ్లిపోతుంది.

అవ్వ నడుము నొప్పి ఎట్లుంది? గోడకు ఆనుకొని బీడీలు చుట్టమను. నా ఎర్ర దుప్పటి చెల్లె తారతో పంపు.

రాజమణి గారు మన ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర కూడా దుకాణం తెరుస్తున్నారు. అంగడి రోజు ఆటో మన గల్లీకి వస్తుంది. గల్లీ అంతా వినే ఆ మాట నీకొక్కడికే వినిపించదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తిన్నావా బాపూ? జవాబు రాసేటప్పుడు నన్నూ ఆ మాట అడుగు.

నీ బిడ్డ,
మనోజ్ఞ