ఖిదిర్‌పూర్ మూల షాపు

జూన్ 24, 2024

అప్లై చేసేశాను. ఎగ్జిక్యూటివ్, రియల్ ఎస్టేట్. వేయించిన చికెన్ అమ్మే కంపెనీ. కోల్‌కతాలో కొత్తగా పన్నెండు షాపులు తెరుస్తారట. వాటికి చోట్లు వెతికి పెట్టే ఉద్యోగం. అమ్మ విని, "కోడి అమ్మీవోలకి ఇల్లు ఎతకడం ఏటే?" అంది. కోడి అమ్మాలన్నా మంచి మూల కావాలి కదమ్మా అన్నాను.

నాలుగేళ్లుగా ఏక్‌బాల్‌పూర్‌లో ప్రణబ్ దా బ్రోకర్ ఆఫీసులో చేస్తున్నాను. ఫ్లాట్ల తాళాలు తీస్తాను, చూపిస్తాను, మళ్లీ వేస్తాను. డీల్ కుదిరే వేళకి ప్రణబ్ దా కుర్చీలో ఉంటాడు. నేను టీ చెప్పడానికి బయట ఉంటాను. ఇరవై ఏడొచ్చాయి. ఇక చాలు.

జూన్ 27

ఆన్‌లైన్ ఫారం. అన్నీ గబగబా నింపి, తండ్రి వృత్తి అన్న గడి దగ్గర ఆగిపోయాను. గవర్నమెంట్ సర్వీస్ అని కొట్టాను. అబద్ధం కాదు. నాన్న కార్పొరేషన్ మనిషే. మురుగు కాలువల గ్యాంగ్. మ్యాన్‌హోల్ మూత ఎత్తి, పొడుగు వెదురు బద్దలు తోసి అడ్డం తీసే పని. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కనుక ఫరవాలేదు. తమ్ముడు సుందర్ బెంగాలీ, హిందీ చదువుతాడు, తెలుగు అక్షరాలు రావు. అమ్మకీ నాన్నకీ ఏ అక్షరాలూ రావు. ఈ నోట్‌బుక్‌కి తాళం అక్కర్లేదు.

జూలై 2

ఫస్ట్ రౌండ్, వీడియోలో. హెచ్చార్ మౌసుమి అనే ఆవిడ. వెనక బట్టల దండెం కనపడకుండా గోడకి దుప్పటి కట్టాను. మా చికెన్ తిన్నావా అని అడిగింది. రెండుసార్లు తిన్నానన్నాను. ఎలా ఉందంటే, చికెన్ బాగుంది, కూర్చునే చోటు బాగాలేదు, తలుపు తీస్తే క్యూ కాళ్ల మీద పడుతోంది అన్నాను. నవ్వింది. ఆ నవ్వు మంచిదో కాదో తేలలేదు.

జూలై 3

మంచిదే. సెకండ్ రౌండ్‌కి పిలిచారు.

జూలై 5

కామాక్ స్ట్రీట్ ఆఫీసు. ఏసీకి వణికాను. ఆరుగురం, ఐదుగురు మగవాళ్లు. అందరి దగ్గరా ఎంబీఏ ఉంది. నా దగ్గర బీకామ్, ట్రామ్ ఎక్కడ ఆగేదో బస్సు ఎక్కడ తిరుగుతుందో తెలిసిన కాళ్లు ఉన్నాయి.

రీజినల్ మేనేజర్ ప్రవీణ్‌కుమార్ గారు ప్రాజెక్ట్ ఇచ్చారు. అందరికీ ఒకే మూడు అడ్రస్‌లు. ఖిదిర్‌పూర్‌లో ఒక మూల షాపు, మోమిన్‌పూర్‌లో ఒకటి, బెహాలాలో ఒకటి. ఏది తీసుకోవాలో, ఎందుకో పదహారో తారీకు లోపల రిపోర్ట్ పంపాలి. ఖిదిర్‌పూర్ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. ఆ షాపు మీద మనసు పడిందని అర్థమైంది. ఐదుగురూ అదే రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

జూలై 8

మూడు రోజులు సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాను. ప్రణబ్ దాకి నాకు జ్వరమని చెప్పాను. ఖిదిర్‌పూర్ మూల మీద నాలుగు గంటల్లో రెండు వేల మూడు వందల పద్దెనిమిది మంది. బెహాలాలో పద్నాలుగు వందలు. మోమిన్‌పూర్ దండగ. పళ్లబండి అతను నేను మెట్రో సర్వే మనిషిననుకుని, మా ఇల్లు కూడా పోతుందా దీదీ అని అడిగాడు. కాదు, చికెన్ షాపుకి అన్నాను. అయితే నాకు ఓ ఉద్యోగం చూడమన్నాడు.

జూలై 9

ఖిదిర్‌పూర్ షాపు లోపలికి వెళ్లాను. యజమాని స్వయంగా చూపించాడు. పద్నాలుగు వందల చదరపు అడుగులు, రెండు రోడ్ల మీదికీ ముఖం. కొత్త రంగు. గోడకి కింద రెండడుగుల మేర కొత్త టైల్స్. ముచ్చటేసింది.

భోజనాల దగ్గర చెప్పాను. నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు. "ఆ మూలింటా? ఒలే గుంటా, గట్టి వానొస్తే అక్కడ మోకాల్లోతు నీరు. గంగ పోటెక్కితే కాలవ గేట్లు మూసీస్తారు. ఇంక నీరు ఎటెల్తాది? నాలుగైదు గంటలు అలాగుండిపోద్ది" అన్నాడు. టైల్స్ సంగతి చెప్పాను. "మరి గోడ ఉబ్బిపోతే టైలు కాక ఏటి ఏస్తాడు?" అన్నాడు.

ఆ షాపులో ఫ్రీజర్లు నేల మీదే పెడతారు.

నాన్న చెప్పాడని రిపోర్ట్‌లో రాయలేను. రుజువు కావాలి. రుజువుకి వాన కావాలి.

జూలై 11

వాన లేదు.

జూలై 13

జల్లు. చెప్పులు కూడా తడవలేదు.

జూలై 14

ఇంకా రెండు రోజులు. ఊరంతా పొడిగా ఉందని సంతోషిస్తోంది. నేనొక్కదాన్నే మేడ మీద నిలబడి మబ్బుల్ని తిడుతున్నాను. ఖిదిర్‌పూర్ అని రాసేస్తే పని సులువు. మేనేజర్‌కీ ఇష్టం. రాయను.

జూలై 15, సాయంత్రం 4

వాన.

పొద్దున్న తొమ్మిదికి మొదలైంది. అమ్మ కుట్టుమిషన్ టేపు పట్టుకుని పరిగెత్తాను. పది నలభైకి నీళ్లు మెట్టెక్కాయి. పదకొండున్నరకి షట్టర్ మీద పదిహేడు అంగుళాలు. టేపు ఆనించి ఫోటోలు తీశాను, ప్రతి అరగంటకీ ఒకటి, టైమ్ పడేలా. మూడుంపావు దాకా నీళ్లు కదల్లేదు. ఒంటిగంటన్నర వేళ యజమాని గొడుగుతో వచ్చి, ఇవాళే ఇలాగైంది, ఇరవై ఏళ్లలో ఎప్పుడూ లేదని నా పక్కనే నిలబడి చెప్పాడు.

అప్పుడే నాన్న గ్యాంగ్ వచ్చింది. నలుగురు. నాన్న నడుం లోతు గోతిలో దిగి వెదురు బద్ద తోస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. నా పక్కనున్నాయన కంపెనీ ఆఫీసరనుకున్నాడేమో, మొహం తిప్పేసుకున్నాడు. గ్యాంగ్‌లో సూరన్న మావ నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తబోతే, నాన్న వద్దని సైగ చేశాడు.

నేనూ పిలవలేదు. నాన్నా అనడానికి రెండక్షరాలు. అనలేదు. గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

జూలై 16

రిపోర్ట్ పంపాను. బెహాలా తీసుకోండి, ఖిదిర్‌పూర్ వద్దు. పదకొండు ఫోటోలు. నాన్నతో మాట్లాడలేదు. ఆయన అన్నం తిని పడుకున్నాడు.

జూలై 19

ఫైనల్. ప్రవీణ్‌కుమార్ గారు, మౌసుమి. మొదట ఇంగ్లిష్. మధ్యలో నా ఇంటిపేరు చూసి, తెలుగువాళ్లా, ఏ ఊరని అడిగారు. ఆయనది వరంగల్. మాది టెక్కలి వైపు, పుట్టింది ఖిదిర్‌పూర్ అన్నాను. "ఏటండి?" అని ఒకసారి నోరు జారింది. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

తర్వాత అసలు విషయం. మిగతా ఐదుగురూ ఖిదిర్‌పూర్ రాశారట. ఓనర్ నీళ్లు రావని కాగితం ఇచ్చాడట, కన్సల్టెంట్ కూడా ఓకే అన్నాడట. ఒక్క రోజు ఫోటోలు చూపి సైట్ వద్దంటారా, ఆ రోజు అక్కడుండాలని "మీకెవరు చెప్పిన్రు?" అని తెలుగులోనే అడిగారు.

మా నాన్న అన్నాను.

ఇంజనీరా అన్నారు.

కాదండీ, కార్పొరేషన్‌లో మురుగు కాలువలు తీస్తాడు. ఆ షాపు ముందున్న మ్యాన్‌హోల్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా దిగుతున్నాడు. ఫోటోల్లో ఏడోది చూడండి, గోతిలో ఉన్నది ఆయనే. ఫారంలో గవర్నమెంట్ సర్వీస్ అని రాశాను, సగమే రాశాను, ఇప్పుడు పూర్తిగా చెబుతున్నాను అన్నాను.

మౌసుమికి తెలుగు రాదు. ఆవిడ కోసం మొత్తం ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పాను. రెండోసారి మాటలు తడుముకోలేదు.

ఆయన ఏడో ఫోటో పెద్దది చేసి చూశారు. తర్వాత, రేపు నేను బాస్‌నై, బాగుందని రాయమంటే రాస్తావా అని అడిగారు. రాస్తాను, కింద మీరు రాయమన్నారని కూడా రాస్తాను అన్నాను.

ఓకే, వుయ్ విల్ గెట్ బ్యాక్ అన్నారు.

అదే రోజు, రాత్రి 8

నాన్నకి అన్నీ చెప్పాను. ఆ రోజు పిలవనందుకు క్షమించమని కూడా. అది విననట్టే బీడీ కట్ట వెతుక్కున్నాడు. ఉద్యోగం దగ్గర తన సంగతి ఎత్తినందుకు మాత్రం కోపమొచ్చింది. "ఎందుకు సెప్పీసినావే? ఇంకెవుడిస్తాడు నీకు?" అన్నాడు. ఇవ్వకపోతే ఇంకోచోట అడుగుతానన్నాను. చాలాసేపు బీడీ ముట్టించలేదు, పట్టుకునే ఉన్నాడు.

తర్వాత అన్నాడు, "ముప్పై ఒకటి కాదు. ముప్పై మూడు."

జూలై 26

ఏ కబురూ లేదు. ప్రణబ్ దా, నీ జ్వరం తగ్గిందా అన్నాడు. తగ్గిందన్నాను.

ఆగస్టు 1

లేదు. సంత్రాగాఛిలో ఒక గోడౌన్ల కంపెనీకి సైట్ మనిషి కావాలట. దానికీ అప్లై చేశాను. ఈసారి గడిలో డ్రైనేజ్ వర్కర్ అని కొట్టాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఆగస్టు 3

మధ్యాహ్నం ఫ్లాట్ చూపిస్తుంటే ఫోన్. ప్రవీణ్‌కుమార్ గారు. పొద్దున వాన పడుతుంటే ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఆ మూల మీద రెండు గంటలు నిలబడ్డారట. "బూట్లు ఖరాబైనయ్" అన్నారు. ఇంకా ఏ మూలల్లో నీళ్లు నిలుస్తాయో మీ నాన్నగారికి తెలుసా అని అడిగారు. ఆయనకి తెలుసు, నాలుగేళ్లు తాళాలు తీసిన చోట్లు నాకూ తెలుసు అన్నాను. సోమవారం వచ్చి లెటర్ తీసుకోమన్నారు.

ఫ్లాట్ చూడ్డానికొచ్చిన దంపతులు నన్నే చూస్తున్నారు. బాత్రూమ్ ఇటు అని చూపించాను. అక్కడే ట్యాప్ తిప్పి మొహం కడుక్కున్నాను.

నాన్నకి చెబితే, "సరే, గొడుగు మంచిది కొనుక్కో" అన్నాడు. అమ్మ ఏడ్చింది.

ఆగస్టు 23

నాలుగు షాపులు చూశాను. నాలుగూ వద్దన్నాను. ఒక్కటైనా బాగుందని చెప్పమ్మా అని ప్రవీణ్‌కుమార్ గారు ఫోన్‌లో బతిమాలారు. బాగుంటే చెబుతానన్నాను. ఐదోది రేపు, తొమ్మిదికి.