గోడకి అటువైపు వదినలు

మార్చి 4
పక్కింటి మంగ వంటల ఛానల్‌కి రెండు వేల మంది చేరారు. పొద్దున్నే గోడ మీంచి ఫోన్ చూపించింది. "చూశావా వదినా!" చాలా సంతోషం అన్నాను. అబద్ధం.

మార్చి 6
నాలుగింటికి టీ... రెండు గ్లాసులు. పదకొండేళ్ళుగా ఆ వేళకి మంగ వస్తుంది. ఇవాళ రాలేదు. కామెంట్లకి జవాబులు రాస్తోందట. రెండో గ్లాసు మా ఆయన తాగారు. "ఏంటి, ఇవాళ నామీద ఇంత ప్రేమ?"

మార్చి 7
"హాయ్ వదినలూ, బాగున్నారా అండి?" — వీడియో మొదలు. ఊరంతా వదినలే. ఆ పిలుపు నాది.

మార్చి 9
మధ్యాహ్నం మంగ వీడియోలు నాలుగు, యాభై నిమిషాలు. కామెంట్లూ చదివాను. రావులపాలెం ఆవిడెవరో — "మీ పక్కిల్లు మాదైతే ఎంత బాగుండేదండీ." మంగ మూడు హార్ట్‌లు పెట్టింది. పక్కిల్లు ఖాళీగా ఉందా?
పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

మార్చి 12
గుమ్మడి వడియాల వీడియో పెట్టింది.
బూడిద గుమ్మడికాయకి మొదటి కోత మగవాళ్ళే పెట్టాలి. మంగ వాళ్ళాయనకి సామర్లకోటలో ఉద్యోగం, ఆదివారాలే వస్తారు. అందుకని ఏటా రెండిళ్ళ కాయలూ మా పెరట్లో, మా ఆయన చేత్తోనే. తర్వాత మేమిద్దరం పీటలేసుకుని ముక్కలు తరుగుతాం.
వీడియోలో ఒక మగచెయ్యి కాయ కోసింది. గీతల చొక్కా. చేతి గుండీకి నల్లదారం — తెల్లదారం అయిపోతే నేను కుట్టిందే.

అదే రోజు, సాయంత్రం
మా ఆయన్ని అడిగేశాను. "నాకు చెప్పకుండా వెళ్తారా?"
"చెప్పకుండానా? పాలు పొంగించావే, ఆ రోజు. గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పాను — మంగ కాయ కోయిస్తోంది, నిన్ను కూడా రమ్మంది అని. ఊఁ అన్నావు. తలెత్తితేగా!"
పేజీ వెనక్కి తిప్పాను. తొమ్మిదో తారీఖు. యాభై నిమిషాలు. నా రాతే.

మార్చి 13
ఆ వీడియో మళ్ళీ చూశాను. మంగ ముక్కలు తరుగుతోంది. పక్కన ఇంకో పీట, ఖాళీగా. నిన్న చొక్కా తప్ప ఏదీ కనపడలేదు నాకు.
అయినా మంట చల్లారలేదు. అంతమందిని పిలిచే గొంతు... గోడ మీంచి ఒక్క కేక వెయ్యకూడదూ?

మార్చి 15
ఆయన మా కాయకి కోత పెట్టారు. రేపటి వడియాలకి పప్పు నానబోశాను. రెండు పీటలు వేశాను.
"నేను పిలవనా?" అన్నారు. వద్దు, నేనే పిలుస్తానన్నాను.
గోడ దగ్గరికి వెళ్ళేసరికి అటు నుంచి — "హాయ్ వదినలూ..." ఇప్పుడే లైవ్ మొదలుపెట్టింది. పిలిస్తే నా గొంతు వాళ్ళందరికీ వినపడుతుంది. నోటిదాకా వచ్చిన పేరు మింగేశాను.
లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. కోసిన కాయ రేపటిదాకా ఆగదు, ముక్కలు ఇవాళే తరగాలి. మంగ నవ్వుతోంది, ఎవరితోనో... ఇంకా అయిపోలేదు.