డప్పు కొట్టని రోజు

మిర్యాలగూడ,
6-2-1949

చిరంజీవి బాలమ్మకు మేనమామ దీవించి రాసేది. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు.

నిన్న ఇక్కడి బడి పంతుళ్లు చెట్లూ పిట్టలూ చూడటానికి కృష్ణలోని లంకకు పోతుంటే నేనూ పడవెక్కాను. నీ భర్త సైదయ్య మేస్త్రి ప్రాణం పోయిన రాతి గని ఆ లంకలోనే ఉంది. అక్కడే పుట్టి పెరిగిన ఈదమ్మ అనే ముసలామె ప్రతి చెట్టు పేరూ చెబుతూ మమ్మల్ని నడిపించింది. గనిలో సగం కొట్టి వదిలేసిన బండ దగ్గర చెప్పులు విడిచింది.

"ఓ మేస్త్రి ఈడ పాణం ఇడిసిండు. గందుకే ఈ బండను మేం ముట్టం" అన్నది.

నేనెవరో చెప్పకుండా, అప్పట్లో మనకు చెప్పిన మాటే అడిగాను: "బండ పగలగొట్టే తూటా పేల్చే ముందు, అందరూ తప్పుకోమని డప్పు కొట్టినా, తాగిన మత్తులో వినలేదటగా?"

"కొడితే గదా ఇనేది! డప్పు కొట్టేటోడు మా ఆయనే. పడవ నింపే తొందరల కంట్రాక్టరు ఆయన్ను రాళ్లు మొయ్య తోలి, డప్పు లేకుంట ఊకనే తూటా పేల్పిచ్చిండు. తాగిండన్నోని నోట్ల మన్ను వడ!"

పురాణాల్లో రాక్షసులు సైతం శంఖం ఊదాకే యుద్ధానికి దిగారు. ఆ కంట్రాక్టరుకు, అంటే నా తమ్ముడు వీరభద్రానికి, ఆ పాటి నీతి లేదు. ఈ శుక్రవారం వాడు మీ ఇంటికొచ్చి నీ కొడుకు లక్ష్మయ్యను తన గనిలో పనికి పంపమంటాడు. పంపకు.

గేదె ఈనిందా? గడ్డి చాలకపోతే నేరేడుచర్ల నుంచి తెప్పించుకో.

ఈ కార్డు రాసింది కవరు దొరక్క కాదు. టపా మనిషి మొదలు కోదాడంతా చదవాలనే రాశాను. లక్ష్మయ్యకు నా ఆశీస్సులు. వీరభద్రం గడపలోకి రాకముందే, అరుగు మీద నిలబడి ఇది గట్టిగా చదవమను.