వరదా, నీ కంప్యూటర్ పట్టుకుపోయారు

వరదా,

ఇంట్లో ఉండొద్దు. వెనక సందులోంచి బస్టాండుకు పోయి మేనత్త ఊరికి వెళ్లిపో. అన్నం గిన్నెలో ఉంది, తినిపో.

మధ్యాహ్నం పార్టీ వాళ్లు జీపులో వచ్చారు. వాళ్ల నాయకుణ్ణి తిడుతూ వచ్చిన కరపత్రం నీ పాత కంప్యూటర్‌లోనే టైపు చేశారని ఎవరో చెప్పారట. ఒకడు దాన్ని ఆన్ చేశాడు. నువ్వు విండోస్ తీసేసి, దాని బదులు ఎవరో సరదాకు తయారుచేసిన వేరే సిస్టమ్ ఎక్కించావు కదా, వాడికి ఏమీ అర్థం కాలేదు.

"ఇదేంది? మాకు కనపడకుండా ఏందో దాసిపెట్టినాడు," అన్నాడు.

"లేదప్పా, పాత మిషన్లలో కొత్తకొత్తవి ఎక్కించి చూసుకుంటాంటాడు మావోడు. అదో పిచ్చి," అని నాన్న అడ్డం పోయాడు. తోసేశారు. గడప మీద పడి చెయ్యి విరిగింది.

అందులో ఏమీ లేదని నేను నా పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. అప్పుడు నాన్నను వదిలేశారు. కంప్యూటర్లు తెలిసినవాడితో తెరిపిస్తామని దాన్ని జీపులో వేసుకుపోయారు.

ప్రొద్దుటూరులో అంతా వాళ్ల మనుషులే, అక్కడ చెయ్యి చూపించాలంటే భయంగా ఉంది. నాన్నను జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. అందరికీ ఉన్నట్టే నీ కంప్యూటర్ కూడా ఉంచుకోరా అని ఎన్నిసార్లు చెప్పాను! నాన్న మాత్రం నిన్ను ఒక్క మాట అనలేదు.

అక్క

పాపను నాతోనే తీసుకుపోతున్నాను. నిజం తెలియకుండానే దాని తల మీద ఒట్టు వేశాను. ఆ కరపత్రం నువ్వు రాయలేదు కదరా?